ముప్పై ఏడు డిగ్రీలు

కొత్తపేటలో మా ల్యాబు ఇంక్యుబేటర్ మీద
ఎర్రంకెలు ఎప్పుడూ అవే, ముప్పై ఏడు.
బ్రాడీపేటలో మా వంటింటికి
ఆ అంకె చేరడానికి కరెంటక్కర్లేదు,
వైశాఖం చాలు.

పగలంతా గాజు పళ్లేల్లో నేను పెంచేవీ
రాత్రి గాజు సీసాలో నేను పెంచేవీ
లేచేది కాస్త తడికి, కాస్త వెచ్చదనానికి.
పెసరగింజకీ క్రిమికీ
ఒకటే మేలుకొలుపు.
అందుకే సీసా ముందు నిలబడితే
నాకు కొంచెం భయం.

పెసలు పట్నంబజారువి, తినే పెసలు.
ఒకసారి మా మేనమామ విత్తనాల సంచిలోంచి
గుప్పెడు తెచ్చాడు, మొలక గ్యారంటీ అంటూ.
నీళ్లన్నీ గులాబీ రంగు.
మందు పూసిన గింజ మట్టి సొమ్ము,
నోటికి తగలకూడదు.
ఆ కడుగునీళ్లు తులసికి కూడా పొయ్యలేదు నేను.

రాళ్లు ఏరి, పుచ్చులు ఏరి,
విరిగిన బద్దలు మరీ ముఖ్యంగా ఏరి
(విరిగింది మొలవదు, కుళ్లుతుంది,
పక్కదాన్నీ పిలుస్తుంది)
మోచేతులదాకా సబ్బు,
సీసాకి మరిగిన నీళ్ల స్నానం,
ఆ తర్వాతే గింజలు, కాచి చల్లార్చిన నీళ్లు.
రాత్రి పదింటినుంచి పొద్దున ఆరింటిదాకా.
నానిన నీళ్లు తాగితే బలం అంటుంది మా అత్త.
నేను సింకులో వంచేస్తాను.
ఆ నిమిషం ఇద్దరం మాట్లాడుకోం.

మూతికి పల్చటి గుడ్డ కట్టి
సీసాని ఏటవాలుగా బోర్లిస్తాను.
చుక్క. చుక్క.
ఆగి, ఇంకో చుక్క.
నీరు నిలిచిందా, పని చెడిందే.
పొద్దునా రాత్రీ కడిగి వంపేది నేను,
మధ్యాహ్నం మా అత్త,
"నా కొడుక్కైనా ఇన్నిసార్లు పొయ్యలేదే నీళ్లు" అని గొణుగుతూ.
రెండోనాటికి తెల్లటి తోకలు, బియ్యపుగింజంత.
చాలు.
పొడుగు చూసి మురవకుండా ఫ్రిజ్‌లోకి,
రెండు రోజుల్లో పళ్లకిందికి.

మొలకలు నాకు నేర్పింది పైవాటా సువార్తమ్మగారు,
మునిసిపల్ హైస్కూలు డ్రిల్లు టీచరు.
నిమ్మకాయ, ఉప్పు, ఒక పచ్చిమిర్చి,
గుంటూరు కదా, ఇంకో అర.
"నమిలితే చప్పుడు రావాలమ్మాయ్,
చప్పుడు రానిది తిండా?"

మొన్న శనివారం
ఆవిడ రక్తం నా బల్లమీదికే వచ్చింది.
మూడో కీమో తర్వాతది.
తెల్లకణాలు తొమ్మిది వందలు.
మిషను తప్పేమోనని మళ్లీ పెట్టాను.
ఎనిమిది వందల ఎనభై.

ఆ సాయంత్రం ఇడ్లీపాత్ర దించి
ఆవిడ వంతు మొలకల్ని ఆవిరికి ఎక్కించాను,
గింజ వేళ్లమధ్య మెత్తగా నలిగేదాకా.
తోకలు వాలిపోయాయి.
పైకి తీసుకెళ్లి ముందు థర్మామీటర్ పెట్టాను,
ముప్పై ఏడే, జ్వరం లేదు.
గిన్నెలోకి చూసి "చంపేశావు వీటిని" అంది.
"వీటి చుట్టాల్ని కూడా" అన్నాను.
నవ్వింది. నమిలింది.
చప్పుడు రాలేదు.

"పచ్చివి పట్రా, తిననులే."
ఇంకా మొలకెత్తుతున్న సీసా తెచ్చి గుడ్డ విప్పాను.
కళ్లు మూసుకుని దూరంనుంచే పీల్చి
"నిన్న మధ్యాహ్నం కడగలేదు ఇది" అంది.
నాకేమీ తెలియలేదు,
నా ముక్కుని ల్యాబు ఫినాయిలు ఎప్పుడో తినేసింది.
కిందికొచ్చి అడిగితే మా అత్త
కరెంటు పోయిందనీ, ఉక్కకి కునుకు పట్టిందనీ...
తలుపు వైపు చూస్తూ చెప్పింది.
సీసా మొత్తం చెత్తబుట్టలోకి.
ఎంగిలి చెయ్యని తిండి పారబోస్తుంటే
ఆవిడా నేనూ ఇద్దరం చూపు తిప్పుకున్నాం.

ఇప్పుడు రోజూ ఆరింటికి మెట్లెక్కుతున్నాను,
ఒక చేతిలో ఉడికిన గిన్నె ఆవిడకి,
ఇంకో చేతిలో పచ్చి సీసా, నాది.
ఒకసారి పీల్చి, డ్రిల్లు గొంతుతో,
"పాస్!"

ముక్కుకి దొరకనివి కూడా ఉంటాయని నాకు తెలుసు.
గాజు పళ్లెంలో చూశాను వాటిని, ఆవిడకీ చెప్పాను.
అయినా
ఆ కేక వినేదాకా
నేను చెంచా ముట్టుకోను.